బొగ్గుల పొయ్యా, గ్యాసు పొయ్యా

మా వియ్యపురాలు మా ఇంట్లో పచ్చి మంచినీళ్లు కూడా తాగేది కాదు. కోపం ఉండి కాదు, అదామె పద్ధతి. వాళ్లది హిందూపురంలో చింతపండు వ్యాపారం. కోడిగుడ్డు గడప దాటి లోపలికి రాని ఇల్లు. మాది పెనుకొండ, సేద్యం చేసుకునే వంశం. ఆదివారం పూట పొట్టేలు మాంసమో కోడికూరో లేకపోతే మా ఆయనకు ముద్ద దిగదు. మా అమ్మాయీ వాళ్లబ్బాయీ కాలేజీలో ఇష్టపడ్డారు. రెండిళ్లవాళ్లమూ కొన్నాళ్లు మొహాలు ముడుచుకొని, ఆ తర్వాత మేమే దగ్గరుండి పెళ్లి చేశాం. పెళ్లి హిందూపురంలో, వాళ్ల వంటవాళ్ల చేతి వంటతో జరిగింది కాబట్టి అప్పుడు తిండి మాట రాలేదు. చిక్కంతా ఆ తర్వాతే వచ్చింది.

ఆమె మా ఇంటికి వచ్చేటప్పుడు నీళ్ల సీసా తనే తెచ్చుకునేది. కుర్చీ అంచున కూర్చుని నవ్వుతూనే మాట్లాడేది. అరటిపండు ఇస్తే కళ్లకద్దుకొని సంచిలో వేసుకునేది. బయటికి పోయాక తినేదో, దారిలో ఆవుకు పెట్టేదో ఆ భగవంతుడికే ఎరుక. ఇంటికొచ్చిన మనిషిని ఇంత పెట్టకుండా పంపడం నాకు చేతకాదు. నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను. కొలతలివ్వడానికి వచ్చిన ఆడవాళ్లకు కూడా కాఫీ ఇవ్వందే వదలను. అట్లాంటిది సొంత వియ్యపురాలు ఎండు నోటితో లేచిపోతుంటే నా ప్రాణం ఉసూరుమనేది. అయినా సర్దుకున్నాను. ఎవరి నియమం వాళ్లది.

సర్దుకోలేని మాట ఒకరోజు ఫోన్లో వచ్చింది. మా అమ్మాయికి అప్పుడు ఏడో నెల. తొలికాన్పు పుట్టింట్లో చేయడం మాకూ ఉంది, వాళ్లకూ ఉంది. నేను అప్పటికే ముందు గదికి సున్నం కొట్టించి, పాత నూలు చీరలన్నీ ఉతికి పొత్తిగుడ్డలు చించి పెట్టుకున్నాను. ఆమె ఫోన్ చేసి చాలా మెత్తగా చెప్పింది.

"కాన్పు ఈడనే చేస్తాం వదినా. నువ్వేమీ అనుకోవద్దు. మీ ఇంట్లో నీసు వండుతారు గదా, పసిబిడ్డకు పుడతానే ఆ గాలి యాల అని."

అనుకోవద్దంటే అనుకోకుండా ఉంటానా! ఒళ్లు మండిపోయింది నాకు. ఫోన్ పెట్టేసి కుడుతున్న జాకెట్టు చంకలో కుట్టు మొత్తం విప్పి మళ్లీ కుట్టాను, ఆ కుట్టు సరిగానే ఉన్నా. నేను ఆ గాలిలోనే పుట్టాను. నా కూతురూ ఆ గాలిలోనే పుట్టి, ఆ గాలిలోనే పెరిగి, వాళ్లబ్బాయి కళ్లకు అంత చక్కగా కనిపించిందే! అప్పుడు లేని గాలి ఇప్పుడొచ్చిందా? ఇదంతా గోడకు చెప్పుకున్నాను, మా ఆయనకు చెప్పుకున్నాను. చివరికి అమ్మాయికే ఫోన్ చేశాను.

"నాకూ నీ దగ్గరికే రావల్లని ఉండాదమ్మా," అంది అమ్మాయి. "కానీ అత్త మాట కాదని రాను. ఆమె నన్ను కన్నబిడ్డ మాదిరి చూసుకుంటాంది. ఆమె ఒప్పుకొని పంపితేనే వస్తా."

"ఎట్ల ఒప్పుకుంటాది?"

"మన ఇంట్లో ఒక్కసారి తింటే ఒప్పుకుంటాదమ్మా. ఆమె సంగతి నాకు తెల్సు. తిన్న ఇంటిని ఆమె ఎప్పుడూ తక్కువ చెయ్యదు. వచ్చే సోమవారం ఇద్దరం వస్తామని చెప్పినా. ఇంగ ఏమి చేస్తావో, ఎట్ల పెడతావో, నువ్వే చూడు."

అంటే ఆమె ఒక్క ముద్ద తింటే నా బిడ్డ కాన్పుకు నా ఇంటికి వస్తుంది. తినకపోతే రాదు. ఇంత తేలికైన లెక్క నా జన్మలో ఎప్పుడూ రాలేదు, ఇంత కష్టమైనదీ రాలేదు.

వంట గురించి నాకు దిగులు లేదు. దిగులంతా పొయ్యి గురించి. మా అవ్వ కాలంలో అయితే ఈ చిక్కే ఉండేది కాదు. వంటింట్లో నీసు వండనిచ్చేది కాదు ఆమె. మాంసం తెచ్చిన రోజు పెరట్లో మూడు రాళ్లు పెట్టి, దానికని వేరుగా ఉంచిన నల్ల కుండలో అక్కడే వండి, అక్కడే తిని, కుండ గోడ పక్కన బోర్లించి, కాళ్లూ చేతులూ కడుక్కొని లోపలికి వచ్చేవాళ్లం. గ్యాసు వచ్చి అదంతా మార్చేసింది. సిలిండరును పెరట్లోకి ఎవరు మోస్తారు? అందుకని మాంసమే వంటింట్లోకి వచ్చేసింది. పప్పు పక్క బర్నరు మీదే పాయా ఉడకడం మొదలైంది. ఇప్పుడు మా వంటింట్లో నీసు తగలని వస్తువేదైనా ఉందంటే అది గోడ మీది క్యాలెండరు ఒక్కటే.

కాబట్టి ఆ సోమవారం వంట పెరట్లోనే చేయాలి. ఆమె కళ్లెదురుగా చేయాలి. దాకలు, గరిటెలు ఏవీ లేకుండా, కాల్చి పెట్టేవే పెట్టాలి. మొక్కజొన్న కండెలు, గెణుసుగడ్డలు, వంకాయలు, పచ్చి శెనక్కాయలు. ఇంతవరకు నాకూ మా ఆయనకూ మాట కుదిరింది. కాల్చేది దేని మీద అన్న దగ్గర తెగలేదు.

మా ఆయన బస్సు డ్రైవరుగా చేసి రిటైరైనాడు. రిటైరైనప్పటి నుంచి ఫోన్లో వీడియోలు చూడటమే ఉద్యోగం. బెంగళూరులో వాళ్ల అక్క కొడుకు మిద్దె మీద గ్యాసుతో కాల్చే బార్బెక్యూ పొయ్యి చూసొచ్చినప్పటి నుంచి ఆయన మనసు దానిమీదే ఉంది. అట్లాంటిదే హిందూపురంలో ఒక కొట్లో ఉందని కనుక్కొని వచ్చాడు.

"మీట నొక్కితే మంట. పొగ లేదు, మసి లేదు, ఊదేది లేదు. కావల్సినంత పెంచుకో, కావల్సినంత తగ్గించుకో. బీగులొచ్చినప్పుడు, వియ్యాలవాళ్ల ముందర, మర్యాదగా ఉంటాదిమ్మే."

"సిలిండరు యాడనుంచి తెస్తావు?"

"వంటింట్లోదే. రెగ్యులేటరు పీకి ఈడ తగిలిస్తే అయిపాయ."

"నిన్న దాని మీదనే గదయ్యా తలకాయ కూర ఉడికింది!"

"గ్యాసుకు నీసు అంటుతాదా? అది గాలి!"

"ఆ గాలి గురించే గదా ఆమె చెప్తాండేది!"

ఆయన ఊరుకుంటే గదా. "ఆ సిలిండరు ఏమన్నా మన సొంతమా? ఊరూరూ తిరిగొస్తాది. పోయిన్నెల ఎవరింట్లోనో పులుసు కాచిన సిలిండరు ఈనెల మనకొచ్చింటాది. మన తలకాయ కూర ఉడికిన సిలిండరు రేపు వాళ్లింటికే పోతాదేమో! అప్పుడేం చేస్తాదంట మీ వదిన?"

"ఈ ముక్క ఆమె ముందర అన్నావంటే నీ నాలుక కోస్తా," అన్నాను. నా దగ్గర జవాబు లేదు. జవాబు లేనప్పుడే నా గొంతు పెరుగుతుంది, అది ఆయనకూ తెలుసు. అందుకే మీసం కింద నవ్వుకున్నాడు.

జవాబు తర్వాత కుట్టుమిషను దగ్గర కూర్చున్నప్పుడు దొరికింది. గ్యాసు పొయ్యికి నిన్న అనేది ఒకటి ఉంటుంది. బొగ్గుల నిప్పుకు ఉండదు. ఇప్పుడు అంటుకుంటుంది, పని కాగానే బూడిదవుతుంది, రేపటికి ఏమీ మిగలదు. దానిమీద ఇంతకు ముందు ఏం వండారని ఎవరూ అడగలేరు. కొత్త బొగ్గులు తెచ్చి, ఆమె కూర్చున్నాక అంటించి, ఆమె చూస్తుండగా కాలిస్తే ఇంక అనుమానానికి చోటేది? ఈ మాట చెబితే మా ఆయన గడ్డం గీరుకున్నాడు. మసి, పొగ, కళ్లమంట అని నసిగాడు. చివరికి "నీ ఇష్టం. కాన్పు మీది, పొయ్యి మీది," అని చేతులెత్తేశాడు. అలా అన్నాడే గానీ, ఆ పొయ్యిలో తన చెయ్యి పెట్టకుండా ఉండడని నేను అప్పుడే గుర్తించి ఉండాల్సింది.

ధర్మవరంలో నా తమ్ముడికి వెల్డింగ్ షాపు ఉంది. బస్సెక్కి పోయి, కాళ్లున్న బొగ్గుల తొట్టి ఒకటీ, దాని మీదికి కమ్మీల జాలీ ఒకటీ చెయ్యమన్నాను. వాడు మూలనున్న పాత డ్రమ్ము చూపించి, దీన్ని నిలువునా కోస్తే చాలన్నాడు.

"అది దేని డ్రమ్మురా?"

"నాకేం తెల్సక్కా. పాత సామాన్ల వాని దగ్గర కొన్నా."

"అయితే వద్దు. కొత్త రేకుతో చెయ్యి. కొత్త కమ్మీలు పెట్టు."

"దేవునికి రథం చేయిస్తాండావా ఏంది?"

"దేవుడైతే ఇంత పీకులాట ఉండదురా, వచ్చేది వియ్యపురాలు," అన్నాను. వాడు పడీ పడీ నవ్వి, నవ్వుతూనే కొత్త రేకు తీశాడు. ఇస్త్రీ బండ్లవాళ్లకు బొగ్గులమ్మే కొట్లో కంపచెట్ల బొగ్గులు ఒక బస్తా కొన్నాను. చేతిలోకి తీసుకొని ఒక్కొక్కటి తట్టి, గట్టిగా మోగేవే ఏరించుకున్నాను. తిరుగు బస్సులో కండక్టరు నా బస్తానూ, తొట్టినీ, మసి చేతుల్నీ చూసి, "ఏమక్కా, ఇస్త్రీ పెట్టె యాడ మరిచిపోయినావు?" అన్నాడు. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ రోజు నాకు మనసు చాలా తేలికగా ఉంది, నా బిడ్డ అప్పుడే వచ్చేసినట్టు అనిపించింది.

ఆ ఆదివారం మా ఇంట్లో మాంసం లేదు. తేవద్దని మా ఆయనకు గట్టిగా చెప్పాను, ఆయనా బుద్ధిమంతుడిలా తల ఊపాడు. సోమవారం పొద్దున్నే పెరడంతా ఊడ్చి, కల్లాపి చల్లి, ముగ్గు వేశాను. రేకుల షెడ్డు కింద బండ కడిగాను. కొత్త ఉప్పు ప్యాకెట్టు, నిమ్మకాయలు, పచ్చిమిరపకాయలు, ఉల్లిపాయలు, కొత్త చాకు, విస్తరాకులు అంగడి నుంచి తెచ్చిపెట్టాను. ఇంట్లోంచి ఒక్క గిన్నె కూడా బయటికి తేలేదు. ఒక్క చింతపండు మాత్రం మరచిపోయి, చివర్లో వంటింటి డబ్బాలోంచి ఇంత చేత్తో తెచ్చి ఆకులో పెట్టాను.

పదకొండు దాటాక వాళ్లిద్దరూ రైలు దిగి ఆటోలో వచ్చారు. అమ్మాయి మొహం నిండుగా ఉంది, నడక బరువెక్కింది. వియ్యపురాలు దాని చెయ్యి పట్టుకొని మెల్లగా దింపింది. అది చూసి నాకు ఆమె మీద కోపం సగం పోయింది. ఆమె వాకిట్లో ఆగకుండా, అమ్మాయి చెప్పినట్టు పక్కసందులోంచి నేరుగా పెరట్లోకే వచ్చింది. సంచిలోంచి నీళ్ల సీసా తల బయటికి కనబడుతూనే ఉంది.

"ఇదేంది వదినా, పెండ్లివంట మాదిరి బయట పెట్టినావు?"

నేను గుక్క తిప్పుకోకుండా చెప్పాను. తొట్టి కొత్తది, రేకు కొత్తది, బొగ్గులు కొత్తవి, ఉప్పు కూడా కొత్తదే, ఇంట్లో వస్తువేదీ దీనికి తగల్లేదు, మీరు ఇక్కడే కూర్చొని చూడండి అన్నాను. ఆమె తింటాననలేదు, తిననని కూడా అనలేదు. బండ మీద కూర్చుంది. అమ్మాయి నా వేళ్లు గట్టిగా నొక్కి వదిలింది.

కర్పూరం బిళ్లలతో బొగ్గులు అంటించాను. "కర్పూరంతోనా, మంచిదే," అంది వియ్యపురాలు. కొత్త చేటతో విసురుతుంటే బొగ్గులు ముందు చిటపటలాడి, పొగ చిమ్మి, మెల్లగా అంచుల్లోంచి ఎర్రబడ్డాయి. ఊళ్లో సంగతులు మాట్లాడుకున్నాం. ఆమె అప్పుడప్పుడు నిప్పువైపే చూస్తోంది. అంతా నేను అనుకున్నట్టే జరుగుతోంది. అప్పుడు మా ఆయన నీళ్ల తొట్టి వెనకనుంచి జాలీని గుడ్డతో పట్టుకొని, బస్సు డిపోలోంచి కొత్త బండి తెచ్చినంత ఠీవిగా వచ్చాడు.

జాలీ నిగనిగలాడుతోంది. కొత్త ఇనుము అలా మెరవదు. ఆయన నా పక్కకు రాగానే నా ముక్కుకు తగిలింది. ఎన్నో ఆదివారాలు వండిన ముక్కు నాది, దాన్ని ఎవరూ మోసం చెయ్యలేరు. ఆయన మోచెయ్యి పట్టుకొని బట్టలుతికే బండ దాకా లాక్కుపోయాను.

"ఏమి రుద్దినావయ్యా దీనికి?"

"కొవ్వు," అన్నాడు, మెప్పు కోసం చూస్తూ. "వీడియోలో చెప్పినారు. కొత్త కమ్మీలకు ముందు కొవ్వు రుద్దల్లంట, లేకపోతే కండెలు అతుక్కుంటాయంట. నిన్న కసాయి కొట్లో పొట్టేలు కొవ్వు ఇంత తెచ్చి బాగా పట్టించినా."

"మాంసం తేవద్దని చెప్పినా గదా!"

"మాంసం యాడ తెచ్చినా? కొవ్వే గదా!"

ఆయనకు అప్పుడు తెలిసింది తను చేసిన పని. మా వెనకే వచ్చిన అమ్మాయి అంతా వినేసింది.

"అమ్మా, చెప్పొద్దు," అంది గొంతు తగ్గించి. "బూడిదతో తోమేద్దాం. నిప్పు మీద పెడితే కాలిపోతాది గదా. ఆమెకు తెలీదు. నా కోసరం చెప్పొద్దమ్మా."

మా ఆయన కూడా ఆశగా చూశాడు. ఒక్క క్షణం నేనూ ఊరుకుందామనే అనుకున్నాను. ఏముంది, తోమితే పోతుంది, మిగిలింది నిప్పులో కాలుతుంది. ఆమె తింటుంది, నా బిడ్డ వస్తుంది, ఎవరికీ ఏ నష్టమూ లేదు. పుట్టినప్పటి నుంచి ఆమె నోట్లోకి పోనిది ఈ రోజు నా చేత్తో పెట్టి, ఆమె బాగుందంటుంటే నేను నవ్వుతూ నిలబడాలి. ఆ బొమ్మ ఒక్కసారి కళ్లముందుకు వచ్చింది. ఆ తర్వాత బిడ్డను నా ఒళ్లో పెట్టినా నేను ఆమె కళ్లలోకి చూడలేను. పైగా నాకు మహా కోపమొచ్చింది. మా ఆయన మీద, ఆ వీడియో మీద, ఆమె నియమాల మీద, నా తలరాత మీద కూడా.

తిరిగి షెడ్డు కిందికి పోయాను. "వదినా, మీకొక మాట చెప్పల్ల," అని మొదలుపెట్టి, జరిగింది ఉన్నదున్నట్టు చెప్పేశాను. అమ్మాయి దూరంగా గోడకు ఆనుకొని కళ్లు మూసుకుంది. మా ఆయన జాలీని కింద పెట్టాలో పట్టుకోవాలో తెలియక అలాగే నిలబడ్డాడు.

ఆమె చూపు జాలీ మీది నుంచి నిప్పు మీదికి పోయింది. బొగ్గులు ఎర్రగా కణకణలాడుతున్నాయి.

"నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు గదా?" అంది చివరికి.

"తెలిసేది కాదు."

"మల్ల యాల చెప్తివి?"

"తినేది మీరు! మీకు తెలీకుండా మీ నోట్లో పెట్టేకి నా చేతులు రావు. కాన్పుకు పంపకపోతే పంపకపోండి. ఏడుస్తా, ఏమి చేస్తా? అంతేగానీ ఈ పని నాచేత కాదు."

ఇదేమీ మర్యాదగా అనలేదు నేను. అరిచినట్టే అన్నాను. కళ్లలోంచి నీళ్లు కారిపోతుంటే చెంగుతో తుడుచుకోవడం కూడా మరిచిపోయాను. ఆమె మా ఆయన వైపు తిరిగింది.

"అన్నా, దాన్ని తీస్కపోయి అవతల పెట్టు."

ఆయన జాలీతో సహా మాయమయ్యాడు. ఆమె లేచింది. వెళ్లిపోతుందనుకున్నాను, అమ్మాయి కూడా అలాగే అనుకుని ముందుకొచ్చింది. ఆమె మాత్రం చీర కుచ్చెళ్లు పైకి దోపుకొని, కొళాయి దగ్గరికి పోయి, మా నీళ్లతో చేతులూ మొహమూ కడుక్కుంది.

"నిప్పుకేమైంది? నిప్పు బాగుండాది గదా," అంది తిరిగొచ్చి. "కండెలు బొగ్గుల మీదనే పెడితే కాలవా? జాలీ ఎందుకంట?"

నేను ఇంకా తేరుకోకముందే ఆమె తొట్టి ముందు గొంతుక్కూర్చుంది. కండె పైపొర ఒలిచి, చివర్న పట్టుకునేందుకు ఆకులు ముడేసి, నేరుగా నిప్పుల్లో పెట్టింది. గెణుసుగడ్డల్ని పక్కనున్న బూడిదలోకి తోసింది. శెనక్కాయలు గుప్పెడు చల్లి పుల్లతో కెలికింది. నేను ఇన్నేళ్లు కుర్చీ అంచున చూసిన మనిషి ఈమేనా అనిపించింది. చేతులు అంత పొందికగా తిరుగుతున్నాయి.

"మా పుట్టిల్లు గోరంట్ల వదినా," అంది నిప్పువైపే చూస్తూ. "చిన్నప్పుడు శెనక్కాయలు పీకే కాలంలో మా నాయన కొట్టు మూసేసి మమ్మల్ని చేన్ల మీదికి తోలుకపోతాండె. చెట్లు చెట్లే కుప్పేసి కాలుస్తాండ్రి. బూడిదలో ఏరుకొని తింటాంటిమి. ఎవురి చేను, ఎవురు కాల్చినారు అని ఎవురడిగినారు? పెండ్లయినాక మా అత్త అన్నీ నేర్పించె. నేనూ నేర్చుకుంటి."

"ఆమె గట్టి మనిషా?"

"నీకన్నా గట్టిది," అని నవ్వింది. ఆ నవ్వుకు నాకూ నవ్వొచ్చింది. అమ్మాయి వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసి నిలబడింది.

కండె అక్కడక్కడా నల్లబడి, గింజలు చిట్లి, ఆ వాసన పెరడంతా పట్టింది. ఆమె దాన్ని దులిపి, నిమ్మచెక్క ఉప్పులో అద్ది రుద్ది, నా చేతిలో పెడుతుందనుకున్నాను. పెట్టలేదు. తనే కొరికింది. నేను అక్కడే నిలబడి, ఆమె నమిలే ప్రతి గింజనూ చూశాను. సిగ్గు లేకుండా చూశాను. ఆమె పెదవి పక్కన మసి అంటుకుంది. నా ఆనందం ఎంతని చెప్పను! గట్టిగా కేక వేసి వీధంతా పిలవాలనిపించింది. అది కుదరదు కాబట్టి ఇంకో కండె నిప్పుల్లో పెట్టాను.

వంకాయలు కాల్చి, తొక్క తీసి, పచ్చిమిరపకాయలు, ఉల్లిపాయ, చింతపండు వేసి విస్తరాకులోనే చేత్తో నలిపాను. ఆమె వేలితో ఇంత నాకి మొహం చిట్లించింది.

"ఈ చింతపండు యాడ తెస్తివి?"

అప్పుడు గుర్తొచ్చింది, అది మా వంటింటి డబ్బాలోది. ఆ మాటా చెప్పేశాను. ఇంక దాచడానికి నాకు ఓపిక లేదు.

"అది కాదు నేనడిగేది. పోయిన సంవత్సరంది, నల్లబడిపోయింది, పులుపు చచ్చిపోయింది. దుడ్లు పోసి దీన్ని ఎవురు కొంటారు? మా కొట్లోంచి కొత్తది పంపిస్తా, అంతవరకూ ఇట్లాంటిది నా మనవని తల్లికి పెట్టొద్దు," అంది. అని, ఆ పచ్చడి మొత్తం గెణుసుగడ్డతో నంజుకొని తినేసింది. నేను ఇంకా వడ్డించబోతే ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టి, "సాకు వదినా, సాకు. కడుపు పగిలిపోతాది," అంది. మా ఆయన ఎప్పుడొచ్చాడో, గోడ పక్కన నిలబడి దొంగచూపులు చూస్తున్నాడు. ఆమె ఒక కండె తీసి ఆయనకూ ఇచ్చింది. ఆయన దాన్ని రెండు చేతులతో అందుకున్నాడు.

తిన్నాక గాలి మళ్లింది. వంకాయ తొక్కలు కాలుతున్న పొగ నేరుగా అమ్మాయి మీదికి వచ్చింది. అది దగ్గుతూ, పొట్ట పట్టుకొని, అవతలి గోడ దాకా నడిచి పోయింది. వియ్యపురాలు దాన్ని చూసి, తొట్టిని చూసి, లేచి చేతులు కడుక్కుంది.

"వదినా, ఈ బొగ్గులు మాత్రం వద్దు."

ఇప్పుడేం తప్పు జరిగిందా అనుకున్నాను. "ఎందుకు?" అన్నాను.

"పసిబిడ్డ ఉండే ఇంట్లో ఇంత పొగ యాల? గొంతు పట్టేస్తాది. అన్నతో చెప్పి ఈ షెడ్డు కింద గ్యాసు పొయ్యే పెట్టించు. చిన్న సిలిండరు చాలు."

"ఎవరికి వదినా? మాకు లోపల ఉండాది గదా."

"నాకు," అంది ఆమె, చేతులు చెంగుతో తుడుచుకుంటూ. "తొమ్మిదో నెల పడతానే పిల్లను తోలుకొని నేనూ వస్తా. తొలికాన్పు, భయపడతాది. మీరు లోపల మీది వండుకోండి, నేనీడ నాది వండుకుంటా. దానికి ఏది బుద్ధి పుడితే అది తింటాది. ఆదివారం మటుకు గది తలుపు మూసుకొని పండుకుంటా, మీరేమీ మానొద్దు."

మా ఆయన ఎగిరి గంతేసినంత పని చేశాడు. "నేను మొదట్నుంచీ గ్యాసే అని చెప్పలా! విన్యావామ్మే?" అన్నాడు. అప్పుడు నాకు ఆయన్ని తిట్టాలని కూడా అనిపించలేదు. గోడ దగ్గర అమ్మాయి నోటికి చెంగు అడ్డం పెట్టుకొని ఏడుస్తోంది, నవ్వుతోంది కూడా. నా కూతురొక్కదాన్ని పంపమని నేను ఇన్నాళ్లు అందరు దేవుళ్లనూ వేడుకున్నాను. ఈమె తనూ వస్తానంటోంది, నా ఇంటికి, ఉండటానికి.

నేను తల పక్కకు తిప్పుకొని కళ్లు తుడుచుకుంటుంటే ఆమెకు అనుమానం వచ్చింది. "ఏమి వదినా, నేనొచ్చేది ఇష్టం లేదా?" అంది.

"వచ్చెయ్ వదినా," అన్నాను ముక్కు చీదుకుంటూ. "ముందు గదిలో ఇంకో మంచం వేయిస్తా, వచ్చెయ్."